అడుగున పోసిన తాలుకాయ

ముప్పై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళూ ఈ మాట నా గొంతులోనే ఉంది. మా ఆయనకు కూడా చెప్పలేదు. ఆయన మంచాన పడ్డాక పక్కన కూర్చుని రెండుసార్లు చెబుదామని నోరు తెరిచాను. రెండుసార్లూ మాత్ర వేసుకున్నారా అని అడిగి ఊరుకున్నాను. నా కూతురు సరోజకు చెప్పలేదు. దాని కోసమే కదా చేశానని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అదీ నిజం కాదు.

మీరెవరో నాకు తెలియదు. తెలియని వాళ్ళకే ఎందుకు చెబుతున్నానో చివర్లో మీకే తెలుస్తుంది. నేను చదివింది నాలుగో తరగతి. తప్పులుంటే దిద్దుకుని చదవండి. పేర్లు మార్చాను. మిగతాదేదీ మార్చలేదు.

నేనొక మనిషి మీద దొంగతనం మోపాను. ఆ మనిషి చేయలేదని నాకు తెలుసు. తెలిసే అన్నాను, నలుగురిలో నిలబడి అన్నాను. ఆ మాటతో ఒక కారం మర ఆగిపోయింది. మర ఆగాక ఒక వీధి చల్లబడిపోయింది. ఇప్పుడు ఆ వీధికి మళ్ళీ కొట్లు, హోటళ్ళు తెస్తామని మున్సిపాలిటీ వాళ్ళు బయలుదేరారు. వాళ్ళ వెనకాల నా మనవరాలు. ఈ వీధి ఎందుకు ఖాళీ అయిందని కనపడిన వాళ్ళనల్లా అడుగుతున్నారు. నన్నూ అడిగారు.

ముందు వీధి సంగతి చెప్పాలి. గుంటూరులో పాత ఊరి నడిబొడ్డున ఉంది మా వీధి. ఇప్పుడు వస్తే షట్టర్లు కనపడతాయి, వాటి ముందు కుక్కలు కనపడతాయి. ఊరు పెరగలేదని కాదు. ఇన్నర్ రింగు రోడ్డు దాటి పెరిగింది, అపార్టుమెంట్లు మొలిచాయి, అద్దాల హోటళ్ళు వచ్చాయి. చుట్టూ పెరిగి మధ్యలో డొల్ల అయింది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఈ వీధిలో మనిషిని మనిషి రాసుకోకుండా నడవలేకపోయేవాళ్ళం. గాజుల కొట్టు, జాడీలు రాచ్చిప్పలు అమ్మే కొట్టు, ఆవాలు మెంతులు అమ్మే కిరాణా, మరకు ఎదురుగా ఇడ్లీల హోటలు. వీధి చివర ఆదిలక్ష్మి కారం మర.

జనం గాజుల కోసం రాలేదు, ఇడ్లీల కోసం రాలేదు. కారం పట్టించుకోవడానికి వచ్చేవాళ్ళు. ఎండలు ముదిరితే చాలు, ప్రత్తిపాడు దాకా ఉన్న పల్లెల వాళ్ళు కూడా ఎండబెట్టి తొడిమలు తీసిన కాయలు డబ్బాల్లో పోసుకుని బస్సు దిగేవాళ్ళు. ఎవరి డబ్బా వాళ్ళు మర మెట్ల దగ్గర వరసలో పెట్టేవాళ్ళు. డబ్బా పెడితే మనిషి ఉన్నట్టే. దాని వంతు రావడానికి రెండు గంటలు, ఒక్కోసారి మూడు గంటలు. ఆడవాళ్ళు రెండు గంటలు ఊరికే కూర్చుంటారా? ఎదురుగా వెళ్ళి ఇడ్లీ తినేవాళ్ళు. గాజులు వేయించుకునేవాళ్ళు. పోయిన ఏడాది జాడీ బీటలిచ్చిందని కొత్త జాడీ బేరమాడేవాళ్ళు. వీధి మొత్తం ఆ డబ్బాల వరస మీద బతికింది. ఆ సంగతి అప్పుడు మాకెవరికీ తెలియదు. నాకు మాత్రం తరవాత తెలిసింది.

మరకు ఒక పద్ధతి ఉంది. డబ్బా వరసలో పెట్టి ఎక్కడికైనా పోవచ్చు. వంతు వచ్చాక మాత్రం ఎవరి కాయల దగ్గర వాళ్ళు పీట వేసుకుని కూర్చోవాలి. తొట్టిలో పోసినప్పటి నుంచి గుడ్డ గొట్టంలోంచి కారం డబ్బాలో పడేదాకా కదలకూడదు. పైట ముక్కుకు అడ్డం పెట్టుకుని, తుమ్ముతూ, కళ్ళు మండుతున్నా చూస్తూ కూర్చోవాలి. మన కాయ మన కారమే కావాలి కదా. ఏడాది పచ్చళ్ళన్నీ దాని మీదే. ఆదిలక్ష్మి మొగుడు అంజయ్య మర తిప్పేవాడు. ఆవిడ ముందు పీట మీద కూర్చుని తొట్టిలో కాయలు పోసేది. కాయల్లో చెయ్యి పెడితే చాలు, ఎండిందో లేదో చెప్పేది. నాకంటే చిన్నది. నన్ను పిన్నీ అనేది.

సరోజ పెళ్ళయిన మొదటి ఏడు అది. వినుకొండ సంబంధం. కొత్త వియ్యాల వారికి మొదటి వేసవిలో జాడీతో ఆవకాయ పంపడం మాలో ఆనవాయితీ. జాడీ విప్పేటప్పుడు చుట్టాలందరినీ పిలుస్తారు. ఎరుపు చూసే పుట్టింటి చెయ్యి ఎలాంటిదో తేలుస్తారు.

నాకు పొదుపు ఎక్కువ. పిసినారి అనే మాట నా వెనక అనేవాళ్ళని తెలుసు. సబ్బు అరిగితే ఆ ముక్కను కొత్త సబ్బుకు అంటించి వాడిన మనిషిని. ఆ ఏడు కాయ ధర ఎక్కువ. మిర్చి యార్డు దగ్గర ఒక బండివాడు తాలుకాయ సగానికి సగం ధరకి ఇస్తానన్నాడు. తాలు అంటే తెల్లబారిన కాయ. ఎరుపుండదు, వాసన ఉండదు, లోపల బూజు కూడా ఉంటుంది. అందరికీ తెలుసు. నాకూ తెలుసు. సగం మంచి కాయ, సగం తాలు కొన్నాను. మరాడితే అంతా ఒకటే రంగు అవుతుందిలే అనుకున్నాను. అప్పుడు అలా నిజంగానే అనుకున్నానా? అనుకుని ఉంటే తాలుకాయ డబ్బా అడుగున పోసి, పైన మంచి కాయ ఎందుకు పరిచాను?

ఆదిలక్ష్మి చెయ్యి అడుగుదాకా వెళ్ళింది. ఆగింది. పక్కన ఆడవాళ్ళు ఎదురుచూస్తున్నారు. ఆవిడ వంగి, కాయలు సర్దుతున్నట్టే సర్దుతూ, నాకు మాత్రమే వినపడేలా అంది. "పిన్నీ, అడుగున తాలుంది. పచ్చడికి పనికిరాదు. నా దగ్గర మంచి కాయ ఉంది, తీసుకెళ్ళు. మళ్ళీ ఏడు ఇద్దువుగాని."

అంత మర్యాదగా చెప్పింది. నాకు ఒళ్ళు మండింది. ఎందుకు మండిందో ఇన్నేళ్ళూ ఆలోచించాను. చూసినందుకు. తిట్టి ఉంటే, నలుగురిలో నవ్వి ఉంటే, నేనూ నాలుగు అని ఇంటికి వచ్చేదాన్ని, అంతటితో పోయేది. మెల్లగా చెప్పి నా పరువు తన చేతిలో పట్టుకుంది. అలా అనిపించింది. "నీ పని నువ్వు చెయ్యవే" అన్నాను. మరాడించింది. నేను పీట మీద కూర్చుని చివరిదాకా చూశాను.

జాడీ వినుకొండ వెళ్ళింది. నెలన్నర తిరక్కుండా వెనక్కి వచ్చింది. మా అల్లుడి మేనమామ తెచ్చాడు. పెద్ద నోరు మనిషి. మా గుమ్మంలో జాడీ దించి మూత తీశాడు. ఆవకాయ మట్టి రంగులో ఉంది. పైన బూజు. "మా అక్కయ్య అడగమంది, గుంటూరు వాళ్ళంటే ఇదేనా కారం అని. ఎర్రమట్టి కలిపినా ఇంతకంటే రంగొచ్చేదండీ" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. సరోజ కూడా వెంట వచ్చింది. గుమ్మం దాటి లోపలికి రాలేదు. తల వంచుకుని నిలబడింది.

అప్పుడు నేను, నా చేతకానితనం, నా కక్కుర్తి అని ఒక్క మాట అంటే సరిపోయేది. మేనమామ నాలుగు రోజులు నవ్వేవాడు. వియ్యపురాలు నాలుగేళ్ళు ఎత్తిపొడిచేది. అంతే కదా? అంతకంటే ఏమవుతుంది? నా నోట్లోంచి వేరే మాట వచ్చింది. "మర దగ్గర మార్చారు నా కాయలు. రండి, మీరే చూద్దురుగాని" అన్నాను. జాడీ చంకన పెట్టుకుని బయలుదేరాను. మేనమామ నా వెనక. సరోజ ఆయన వెనక.

మిట్టమధ్యాహ్నం. మెట్ల మీద పన్నెండు మంది దాకా ఉన్నారు. జాడీ మెట్టు మీద పెట్టాను.

"ఏమే ఆదిలక్ష్మీ, నా కాయలేం చేశావే? నా మంచి కాయ తీసుకుని తాలు ఆడించావా?"

మర చప్పుడుకు ముందు వినపడలేదు. అంజయ్య మర ఆపాడు. మెట్ల మీద వాళ్ళంతా నా వైపు తిరిగారు. ఆదిలక్ష్మి లేచి నిలబడింది. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి.

"నేనా పిన్నీ? నువ్వు కూర్చుని చూశావు కదా."

ఆ ఒక్క మాటే అంది. అంతకంటే ఏం కావాలి? పద్ధతి అదే కదా. కూర్చుని చూసిన మనిషి కాయలు ఎవరు మారుస్తారు? అక్కడ అందరికీ అది తెలుసు. అందరూ నా వైపు చూశారు, ఏం చెబుతుందా అని. నేను చెప్పాను.

"మధ్యలో మంచినీళ్ళకు లేచాను. ఆ సందులో మార్చావు."

ఆవిడ నన్ను చూసింది. తరవాత నా వెనక మేనమామను చూసింది. ఆయన వెనక సరోజను చూసింది. అడుగున తాలు పోసింది పిన్నే అని ఒక్క మాట అంటే చాలు. అనడానికి నోరు కూడా తెరిచింది. సరోజ ఏడుస్తోంది. ఆదిలక్ష్మి నోరు మూసుకుంది. పీట మీద కూర్చుని, కొంగుతో చేతులు తుడుచుకుంది. అంజయ్య "ఏందే, మాట్లాడవేందే, చెప్పవే" అని అరుస్తున్నాడు. ఆవిడ చెప్పలేదు.

చెప్పకపోవడంతో నా మాట నిజమైపోయింది. వరసలోంచి ఒకావిడ తన డబ్బా తీసుకుంది. ఎవరో ఇప్పటికీ గుర్తుంది, ఆకుపచ్చ చీర, మూతకి తాడు కట్టిన డబ్బా. ఆవిడ వెనక ఇంకొకావిడ. మేనమామ నా వైపు తిరిగి "అదీ సంగతి వదినగారూ, మీ తప్పేముంది" అన్నాడు. ఆ మాటకి నాకు హాయిగా అనిపించింది. హాయిగానే. దాచుకోవడం ఎందుకు?

ఆ తరవాత వచ్చినవాళ్ళు వచ్చారు గానీ డబ్బా వదిలి కదల్లేదు. మంచినీళ్ళకు కూడా లేవలేదు. ఇడ్లీకి పోలేదు, గాజులకు పోలేదు. డబ్బా మీద చెయ్యి వేసుకుని కూర్చునేవాళ్ళు. మా ఇంటి అరుగు మీంచి అంతా కనపడేది. మరుసటి వేసవికి బైపాసు వైపు కొత్త మర పెట్టారు, అక్కడికి పోయారు. ముందు ఇడ్లీల హోటలు మూసేశారు. తరవాత గాజుల కొట్టు. తరవాత ఒక్కొక్కటీ. అంజయ్యకు గుండె నొప్పి వచ్చి పోయాడు. మరను పాత ఇనుముకు అమ్మేశారని విన్నాను. ఆదిలక్ష్మి మిర్చి తొడిమలు తీసే కూలికి పోయేది. మరకు యజమానురాలు, బస్తాల ముందు కూర్చుని రోజంతా తొడిమలు తీసింది. మూసేసిన మర షెడ్డు వెనక గదిలోనే ఉండేది, ఇప్పటికీ అక్కడే ఉంది. ముప్పై ఏళ్ళలో నేను ఆ గది ముందు నుంచి ఎన్ని వేల సార్లు నడిచానో. ఆవిడ ఒక్కసారి కూడా నన్ను ఆపలేదు.

ప్యాకెట్ల కారం వచ్చింది, మిక్సీలు వచ్చాయి, కార్లు వచ్చాయి, నేను ఆ మాట అనకపోయినా ఈ వీధి పోయేదే అని ఎన్నోసార్లు నాకు నేను నచ్చజెప్పుకున్నాను. కావచ్చు. నాకు తెలియదు. కానీ అవన్నీ తరవాత వచ్చినవి. వరసలోంచి మొదటి డబ్బా లేచింది నా మాటకే.

ఈ మధ్య వీధిలో పందిరి వేసి మీటింగు పెట్టారు. లైట్లు పెడతారట, బెంచీలు వేస్తారట, గోడలకు రంగులు వేస్తారట. ఒక ఆఫీసరమ్మ, చిన్నపిల్లే, ఎంతో మర్యాదగా అడిగింది. ఈ వీధి ఎందుకు ఖాళీ అయిందో పెద్దవాళ్ళు చెప్పాలి, అది తెలిస్తేనే మళ్ళీ జనాన్ని తేగలం అంది. బండి ఆపే చోటు లేదని ఒకాయన అన్నాడు. జాడీల కొట్టు ముసలాయన లేచి "ఫ్రిజ్జులొచ్చినయ్ తల్లీ. ఇంక నా జాడీలు ఎవరిక్కావాలి, నా మొహమెవరిక్కావాలి" అన్నాడు. అందరూ నవ్వారు. మైకు నా దగ్గరికి వచ్చింది. ముప్పై ఏళ్ళ తరవాత నన్ను అడిగినవాళ్ళు వీళ్ళే. నేను మైకు పట్టుకుని "జనానికి కార్లొచ్చాయి, దూరం పోతున్నారు" అని కూర్చున్నాను. చప్పట్లు కొట్టారు. గోడకు ఆనుకుని ఆదిలక్ష్మి నిలబడి ఉంది. ఆవిడ ఒక్కతే కొట్టలేదు.

నా మనవరాలు హారిక, నా కొడుకు కూతురు, ఆ మర షెడ్డే అద్దెకు తీసుకుంది. భోజనాల హోటలు పెడుతోంది. ముందు భాగంలో చిన్న కారం మర పెడుతుందట. "నానమ్మా, నువ్వు చెప్పిందేగా! డబ్బా పెడితే ఆగుతారు, ఆగితే తింటారు. ఆఫీసరమ్మ ఎగిరి గంతేసింది తెలుసా" అంది. పొంతన లేని కబుర్లలో ఎప్పుడో డబ్బాల వరస గురించి చెప్పాను, అది పట్టుకుంది. గోడ మీద ఎర్ర అక్షరాలతో "మా నానమ్మ ఆవకాయ" అని రాయించింది. నాకు చూపించడానికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. ఆ మెట్ల మీద నిలబడే చూశాను.

మర దగ్గర కూర్చోవడానికి కాయ తెలిసిన మనిషి కావాలి. వెనక గదిలో ఆవిడ ఉందిగా అని ఎవరో చెబితే అడగడానికి వెళ్ళింది. ఆదిలక్ష్మి వస్తానూ అనలేదు, రాననీ అనలేదు. "మీ నానమ్మకు ఇష్టమేనా, అడిగిరా అమ్మా" అందట.

హారిక వచ్చి అడిగింది. "ఏంటి నానమ్మా, మీ ఇద్దరికీ ఏమన్నా గొడవా?"

ఇది ఈ వారంలోనే జరిగింది. ముప్పై ఏళ్ళ క్రితం వయసు, పంతం, కూతురి కాపురం అని ఏవో సాకులు చెప్పుకోవచ్చు. ఇప్పుడు ఏం ఉంది నాకు? కాళ్ళు కాటికి చాచుకుని కూర్చున్న మనిషిని. అయినా ఏమన్నానో వినండి. "దాన్ని పెట్టకు. చెయ్యి మంచిది కాదు" అన్నాను. హారిక ఇంకేం అడగలేదు. నా మాట మీద దానికి అంత గురి. వేరే మనిషిని చూస్తానని ఫోను తీసుకుని వెళ్ళిపోయింది.

నేను గచ్చు మీద అలాగే కూర్చుండిపోయాను. మళ్ళీ అదే మాట. ఎవరూ నన్ను మెట్ల మీద నిలబెట్టలేదు, జాడీ లేదు, మేనమామ లేడు. అయినా అదే వచ్చింది. అంటే ఆ రోజు సరోజ కోసం కాదు. ఎప్పుడూ సరోజ కోసం కాదు.

మరుసటి రోజు మధ్యాహ్నం ఆవిడ గదికి వెళ్ళాను. ఆదిలక్ష్మి చింతపండు గింజలు తీస్తోంది. వేళ్ళ చివర్లు నల్లబడి, తోలు మందమైపోయింది. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. తాలు నేనే కొన్నాను, నేనే అడుగున పోశాను, నువ్వు చెప్పినా వినలేదు, నీ మీద పెట్టాను అని. మొత్తం చెప్పాను. ఆవిడ గింజలు తీస్తూనే ఉంది.

"నాకెందుకు చెబుతున్నావు పిన్నీ? నాకు తెలియందా?"

ఇంకో గింజ తీసి పక్కన పడేసింది.

"ఆ రోజు మెట్ల మీద ఉన్నారే, వాళ్ళకు చెప్పు."

"వాళ్ళెవరున్నారే ఇప్పుడు? సగం మంది పోయారు. మిగతా వాళ్ళు ఎక్కడున్నారో ఏమో."

"అదేగా మరి" అంది. లేచి చేట తీసుకుని లోపలికి వెళ్ళింది. నేను కాసేపు నిలబడ్డాను. ఆవిడ మళ్ళీ బయటికి రాలేదు. వచ్చేశాను.

హారికకు ఆ సాయంత్రమే చెప్పాను. చివరిదాకా విన్నది. అయ్యాక "సరోజత్తకు తెలుసా?" అంది. తెలియదన్నాను. "తాతయ్యకు?" తెలియదన్నాను. లేచి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున వెళ్ళి చూస్తే గోడ మీద నా పేరున రాయించిన అక్షరాలకు సున్నం కొట్టి ఉంది. నిన్న మళ్ళీ ఆదిలక్ష్మి గదికి వెళ్ళి వచ్చిందట. ఆవిడ ఒప్పుకుందో లేదో నాతో చెప్పలేదు. నేనూ అడగలేదు. అడిగే హక్కు నాకెక్కడిది?

సరోజకు ఫోను చేయాలి. చేస్తాను. వినుకొండ వాళ్ళింట్లో ఇంకా ఆ కథ చెప్పుకుంటారు, గుంటూరు మరలో మా కాయలు మార్చేశారు అని. మేనమామ పోయాడు గానీ కథ పోలేదు. ఆ ఇంటి పిల్లలు కూడా ఆదిలక్ష్మిని దొంగగానే ఎరుగుదురు, మొహం ఎరగకపోయినా.

మెట్ల మీద వాళ్ళకు చెప్పమంది. వాళ్ళు లేరు. మీరున్నారు. అందుకే మీకు చెబుతున్నాను. ఆకుపచ్చ చీరావిడ స్థానంలో మీరు నిలబడండి. డబ్బా తీసుకునే ముందు ఒక్క క్షణం ఆగి వినండి. నన్ను మన్నించమని అడగడం లేదు, అది మీ చేతిలో లేదు, అసలు ఎవరి చేతిలో ఉందో ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయింది. నేను చెప్పాల్సింది రెండు ముక్కలే. ఆ రెండు ముక్కలకు ఇన్ని కాగితాలు పట్టాయి.

ఆదిలక్ష్మి నా కాయలు మార్చలేదు. నేను పీట మీదే ఉన్నాను, చివరి పిడికెడు కారం డబ్బాలో పడేదాకా చూస్తూనే ఉన్నాను.

మంచినీళ్ళకు నేను లేవలేదు.